చుక్క లాగ్ షీటు

ఆ వేసవిలో మా ఇంటికి జనం దర్శనానికి వచ్చారు. దేవుడి కోసం కాదు, కుందేలు కోసం.

చిక్కడపల్లిలో, లైబ్రరీ వెనక సందులో, మూడంతస్తుల అపార్ట్‌మెంటులో రెండో అంతస్తు మాది. మా అబ్బాయి రాజీవ్, కోడలు పల్లవి పొద్దున్నే ఉద్యోగాలకు వెళ్లిపోతే ఇంట్లో మిగిలేది నేను, మా ఆవిడ ప్రభావతి, పన్నెండేళ్ల మనవరాలు తన్మయి. జనవరిలో తన్మయి పుట్టినరోజుకు రాజీవ్ ఒక కుందేలు పిల్లను తెచ్చాడు. ఒళ్లంతా తెలుపు, నుదుటిమీద మాత్రం చిన్న నల్లమచ్చ. తన్మయి చుక్క అని పేరు పెట్టింది. మా ఆవిడ దాన్ని మచ్చ అననిచ్చేది కాదు, బొట్టు అనేది.

ఏప్రిల్ మొదట్లో ఒక ఉదయం ప్రభావతి దీపం వెలిగిస్తుండగా చుక్క గెంతుకుంటూ వచ్చింది. పూజగది గడప దగ్గర ఆగి, తల వంచి, గడపకు గడ్డం ఆనించింది. ఒకసారి కాదు, మూడుసార్లు. మరునాడూ అంతే, ఆ మరునాడూ అంతే.

"చూస్తున్నరా, దండం పెడుతున్నది," అంది ప్రభావతి. "మీకు అరవై నాలుగేండ్లొచ్చినా గడప తొక్కుకుంటనే వస్తరు. దానికున్న భక్తి మీకు లేదు."

నిజం చెప్పాలి, నేనూ పొంగిపోయాను. ఇందిరా పార్కులో నాతో పాటు నడిచే నలుగురికీ చెప్పింది నేనే. వారం తిరిగేసరికి మూడో అంతస్తు వాళ్లు, ఎదురింటి వాళ్లు, అశోక్ నగర్ నుంచి మా ఆవిడ భజన బృందం మొత్తం వచ్చి చూసి వెళ్లారు. కొందరు బంతిపూలు కూడా తెచ్చారు. చుక్క ఆ పూలు తినేసింది. ప్రసాదం స్వీకరించిందని అందరూ సంబరపడ్డారు.

ఇల్లు తుడిచే మాసమ్మ ఒక్కతే ఒప్పుకోలేదు. పాలమూరు వైపు నుంచి పట్నం వచ్చి పదిహేనేళ్లయింది. పెళ్లికి ముందు మేకలు కాసిన మనిషి.

"గది దండం కాదమ్మా," అంది, తడిగుడ్డ పిండుతూ. "మా మేకపోతు గిట్లనే గుంజకు తల రుద్దుతుండె. ఇది నాది, ఎవ్వరు రావద్దు అని చెప్పుడు అది. దీనికి ఈడొచ్చింది. ఇగ జర చూసుకోవాలె."

"మేకకు, కుందేలుకు పోలికేంది మాసమ్మా," అని నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

ఎందుకంటే సూచనలన్నీ కళ్లముందే ఉన్నాయి. చుక్క హాలు నాలుగు మూలలా మూత్రం చిమ్ముతోంది, నా కుర్చీ కాళ్లను కూడా వదలలేదు. నేను నడుస్తుంటే గుర్రుమంటూ పాదాల చుట్టూ తిరుగుతోంది. తన్మయి నీళ్ల గిన్నె పెట్టబోతే ముందుకాళ్లతో కొడుతోంది. అన్నింటికీ ఎండలే కారణమనుకున్నాం.

ఒక శుక్రవారం సాయంత్రం మూడో అంతస్తు నర్సింహమ్మ గారు పట్టుచీర కట్టుకుని, పసుపు కుంకుమల పళ్లెంతో వచ్చారు. పూజగది పక్కనే చుక్క ఉండే కమ్మీల గూడు. తలుపు తీసే ఉంది. ఆవిడ దాని ముందు పీట వేసుకుని కూర్చుని, వేలితో కుంకుమ తీసి, "తల్లీ, నీ బొట్టు మీద బొట్టు పెడతనమ్మా," అంటూ చెయ్యి లోపలికి పెట్టారు.

చుక్క గుర్రుమనడం మేమందరం విన్నాం. ఆ వెంటనే నర్సింహమ్మ గారు కేకపెట్టారు. చెయ్యి బయటికి తీస్తే వేలి మీద ఏది కుంకుమో ఏది రక్తమో తెలియలేదు.

అరగంటలో ఆవిడ కొడుకు బాలకిషన్ వచ్చాడు. అపార్ట్‌మెంటు సంఘానికి కార్యదర్శి. అతని వెనక ఇంకో ఇద్దరు. "చిన్నపిల్లలు తిరిగే బిల్డింగు సార్," అన్నాడు. నర్సింహమ్మ గారు వేలికి కట్టుతో సోఫాలో కూర్చుని, "మా తమ్మునికి తెలిసినాయన మేడ్చల్ అవతల కుందేళ్ల షెడ్డు పెట్టిండు. ఆయనకిచ్చెయ్యండి, పీడ పోతది," అన్నారు.

"ఆ షెడ్డుల కుందేళ్లను ఏం చేస్తరు?" అని అడిగింది తన్మయి.

బాలకిషన్ ఫ్యాన్ వైపు చూశాడు.

నలుగురిలో తలవంపులైనప్పుడు నా నోరు నా మాట వినదు. లేచి నిలబడి అన్నాను: "మృగశిర కార్తె దాకా టైమియ్యండి. ఆలోపల ఇంకొక్కరిని కరిచినా నా చేతులతోనే తీసుకపోయి ఇచ్చేస్త. ఇది కిషన్ రావు మాట."

నేను ఆర్టీసీలో ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. చివరి పదకొండేళ్లు డిపో కంట్రోలర్‌ని. ఇన్ని గంటలకు బస్సు కదులుతుందంటే కదలాల్సిందే. మాట వెనక్కి తీసుకున్న రోజు నా సర్వీసులో లేదు. తన్మయికి అది తెలుసు. అందుకే ఆ పిల్ల నా వైపు అలా చూసింది. ఏడవలేదు. బయటివాళ్ల ముందు ఏడవడం మా ఇంట్లో లేదు.

మరునాడు పొద్దున పాత నోటుబుక్కు, స్కేలు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"తాతా, మీ డిపోల లాగ్ షీటు అని రాసెటోళ్లు గద. అదెట్ల రాస్తరు?"

గడులు గీసి చూపించాను. టైము, స్థలం, ఏం జరిగింది, కారణం, ఏం చేశాం. "కారణం గడి ముఖ్యం బిడ్డా. యాక్సిడెంటయితే తప్పు ఎవరిదన్నది అందులనే తెలుస్తది. డ్రైవర్ తప్పు కాకుంటే డ్రైవర్ను ఏమనం. ఇంకో మాట. లాగ్ షీటుల అబద్ధం రాయొద్దు. అబద్ధం రాసినోన్ని నేను ఎన్నడు మాఫ్ చెయ్యలే."

"సరే. మృగశిర నాడు నువ్వే మొత్తం చూసి సంతకం పెట్టాలె," అంది తన్మయి.

ఆట అనుకున్నాను. వారం రోజుల తర్వాత పదమూడు ఎంట్రీలతో వచ్చి నా పక్కన కూర్చుంది.

"చూడు తాతా. బయట తిరిగేటప్పుడు ఒక్కసారి కూడా కరవలే. గూట్ల ఉన్నప్పుడు చెయ్యి పెడితేనే మీదికొస్తున్నది. మూత్రం ఎక్కడ పోస్తున్నదో చూసినవా? కొత్త చెప్పులు, కొత్త సంచి, నర్సింహమ్మ అమ్మమ్మ కూసున్న పీట. పరాయి వాసనొచ్చిన కాడ."

గడి గడీ వేలు పెట్టి చూశాను. అంతా నిజమే. ముప్పై నాలుగేళ్లలో నా చేతికి వచ్చిన లాగ్ షీట్లలో ఇంత శుభ్రంగా రాసినవి పదుంటే గొప్ప. ఆ సంగతి ఆ పిల్లకు చెప్పలేదు గానీ సాయంత్రం పార్కులో అందరికీ చెప్పాను.

చుక్కను వెదురుబుట్టలో పెట్టుకుని ఆటోలో హైదర్‌గూడ వెళ్లాం. అక్కడ చిన్న జంతువుల్ని చూసే ఒక క్లినిక్కు ఉందని పల్లవి కనుక్కుంది. డాక్టర్ భాగ్యశ్రీ ముందు నోటుబుక్కు చూసింది, ఆ తర్వాతే కుందేలును చూసింది.

"ఇది ఎవరు రాసిన్రు సార్?"

"మా మనవరాలు," అన్నాను.

"సగం పని ఈమెనే చేసింది. కుందేలుకు గడ్డం కింద వాసన గ్రంథులుంటయి. గడ్డం రుద్దుడంటే ఈ జాగ నాది అని ముద్ర వేసుడు. ఆడ కుందేలు ఐదు నెలలకు ఈడుకొస్తది. ఒంట్ల హార్మోన్లు తన్నుతుంటే ఇల్లంతా తనదే అనుకుంటది, గూట్లకు ఎవరొచ్చినా దొంగనే. అది కోపం కాదు, కాపలా."

"మరి పూజగది గడప?" అన్నాను.

"అదీ తనదే సార్."

నాకు మాసమ్మ గుర్తొచ్చింది.

గర్భసంచి, అండాశయాలు తీసేసే ఆపరేషన్ చేయిద్దామంది డాక్టర్. చెయ్యకపోతే వయసు పెరిగేకొద్దీ ఆడ కుందేళ్ల గర్భసంచిలో గడ్డలు రావడం ఎక్కువట. ఏప్రిల్ ఆఖరి సోమవారం రమ్మంది. "కానీ ఆపరేషన్ కాంగనే మారిపోతదనుకోకండి. ఒంట్ల ఉన్నది దిగాలె. ఆరు వారాలు పట్టొచ్చు."

వేళ్ల మీద లెక్కేసుకున్నాను. అక్కడి నుంచి మృగశిరకు సరిగ్గా ఆరు వారాలు.

ఇంటికొచ్చి మాసమ్మతో అన్నాను, "నువ్వు చెప్పిందే డాక్టరమ్మ కూడా చెప్పింది మాసమ్మా."

"నాకు గంత సదువు లేకపాయె గద సారూ. గందుకే నవ్విన్రు," అంది, నేల తుడవడం ఆపకుండానే. నేను పడ్డాను ఆ మాట. పడాల్సిందే.

ప్రభావతి మాత్రం పట్టు వదల్లేదు. "డాక్టరుకు దాని ఒళ్లు తెలుస్తది. మనసు తెలుస్తదా?" అనేసి లోపలికి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి తన్మయి మాకు నియమాలు పెట్టింది. కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి పూజగది పక్క గోడకు అంటించింది. మొదటిది అన్నింటికంటే లావుగా రాసింది: చుక్క గూట్లో ఉన్నప్పుడు ఎవరూ చెయ్యి పెట్టకూడదు. పేరుతో పిలవాలి, గరిక చూపించాలి, తనంతట తనే బయటికి రావాలి, అప్పుడే గూడు శుభ్రం చెయ్యాలి. తల నిమరాలంటే ముక్కు ముందు నుంచి కాకుండా పైనుంచి చెయ్యి తేవాలి. అరవకూడదు, కొట్టకూడదు. కొత్త చెప్పులు గుమ్మం బయటే. మూత్రం పోసే మూలలో ఒక ట్రే పెట్టి, అందులో ఎండుగడ్డి వేసింది. మూడు రోజుల్లో చుక్క ఆ ట్రేలోకి వెళ్లడం మొదలుపెట్టింది. డిపోలో డ్రైవర్లకు పార్కింగు నేర్పడానికి నాకు అంతకంటే ఎక్కువ రోజులు పట్టేది.

గరిక తేవడం నా డ్యూటీ. రోజూ పొద్దున నారాయణగూడ మార్కెట్టుకు వెళ్లి, పూలమ్మే ఆమె దగ్గర వినాయకుడి పూజకు అమ్మే గరిక కట్టలన్నీ తీసుకునేవాణ్ని. నాలుగో రోజు ఆమె అడగనే అడిగింది.

"ఏం పూజ సార్ రోజూ?"

"ఉన్నది లేమ్మా, మా ఇంట్ల ఒక అమ్మవారు," అన్నాను.

ఆపరేషన్ రోజు తెల్లవారి లేచేసరికి గూట్లో గడ్డి లేదు, నీళ్లు లేవు. ప్రభావతి తీసేసింది. ఇంట్లో మేమెవరం కూడా టీ తాగకూడదని వంటగది తలుపు వేసింది. చుక్క ఆపరేషన్ అయ్యేదాకా ఇంటిల్లిపాదికీ ఉపవాసమట.

"ఆపరేషనంటే పరిగడుపున పోవాలె. నాకు గర్భసంచి తీసినప్పుడు ముందురోజు నుంచే నీళ్లు గూడ ఇయ్యలే," అంది ప్రభావతి.

అది నాకు సబబుగానే తోచింది. కానీ తన్మయి స్నానం చేసి వచ్చి గూడు చూసి, నేను ఎన్నడూ వినని గొంతుతో అంది, "నానమ్మా, గడ్డి ఏది? కుందేళ్లకు కడుపు ఖాళీగుండొద్దు. మనకు వాంతులయితయని పెట్టరు. వాటికి వాంతి రానే రాదు. తినకపోతే పేగులాగిపోతయి. ప్రాణం పోతది."

"పెద్దోళ్లకు చెప్పేదానివైనవా," అన్నాను నేను.

"డాక్టరమ్మకు ఫోన్ చెయ్యి తాతా. నేను తప్పయితే మాఫీ అడుగుత."

చేశాను. అటునుంచి డాక్టర్ భాగ్యశ్రీ కంగారుగా, "పాపనే కరెక్టు సార్. ఇక్కడికొచ్చేదాకా తిననియ్యండి, బుట్టల కూడా గడ్డి పెట్టుకరండి," అంది. ఫోను పెట్టేసి నేనే గరిక విప్పి గూటి ముందు పరిచాను. ప్రభావతి నీళ్ల గిన్నె నింపి తెచ్చింది. ఆ తర్వాత పూజగదిలోకి వెళ్లి చాలాసేపు కూర్చుంది. ఉపవాసం మాత్రం మానలేదు, తన వరకు.

మధ్యాహ్నానికి చుక్కను తెచ్చుకున్నాం. పొట్ట గొరిగి, కుట్లతో, బుట్టలో ఒక మూలకు ముడుచుకుని ఉంది. రాత్రిలోగా ఏదైనా తినాలి, పెంటికలు వెయ్యాలి అని చెప్పి పంపారు. తన్మయి నేల మీద బోర్లా పడుకుని కొత్తిమీర కాడ పట్టుకుంది. గంట అయింది, రెండు గంటలయింది. చెయ్యి మార్చుకుంది గానీ లేవలేదు. ఆరూ ఇరవై అయిదుకు చుక్క ముక్కు కదిపి, ఒక కాడ నమిలింది. ఏడున్నరకు నాలుగు పెంటికలు వేసింది. ప్రభావతి ఆఫీసులో ఉన్న రాజీవ్‌కు ఫోన్ చేసి ఆ లెక్క చెప్పింది. మా వంశంలో ఎవరికి మార్కులొచ్చినా అంత సంతోషంగా చెప్పగా నేను వినలేదు.

కుట్లు మానాయి. బుద్ధి మాత్రం డాక్టర్ చెప్పినట్టే వెంటనే మారలేదు. గుర్రుమనడం అలాగే ఉంది.

మే పంతొమ్మిది. ఎండ మండిపోతోంది. చుక్క చల్లగా ఉండటానికి తన్మయి రోజూ నీళ్ల సీసాను గడ్డకట్టించి, గుడ్డ చుట్టి గూట్లో పెట్టేది. ఆ పొద్దున తన్మయి స్నానానికి వెళ్లింది. సీసా కరిగిపోయి కనిపించింది. పాపం ఎండకు ఒగరుస్తోందని, ఫ్రిజ్‌లోంచి ఇంకో సీసా తీసి, గోడ మీది కాగితం పక్కనుంచే వంగి, చెయ్యి లోపలికి పెట్టాను.

కుడిచేతి చూపుడువేలు. గట్టిగానే దిగాయి పళ్లు.

కుళాయి కింద కడుక్కుంటూ నిలబడ్డాను. ఇంకొక్కరిని కరిచినా అన్నాను. నేనూ ఒకణ్నే కదా. కట్టు కట్టుకుని బయటికి వచ్చాను. అన్నం దగ్గర తన్మయి చూడనే చూసింది.

"వేలికేమైంది తాతా?"

"బీరకాయ కోస్తుంటే కత్తి తగిలింది."

ప్రభావతి నా వైపు చూసింది. మా పెళ్లయి నలభై ఏళ్లు. నేను బీరకాయ కోసిన పాపాన పోలేదు. నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది. తన్మయి నా కట్టు వైపే చూస్తూ అన్నం కలుపుకుంది.

నెలాఖరు నుంచి ఇంట్లో ఏదో తేడా కనిపించింది. మూలల్లో మూత్రం లేదు. గుర్రుమనడం వారానికి ఒకసారికి తగ్గింది. ఒక మధ్యాహ్నం చుక్క కూలరు ముందు పక్కకు ఒరిగి, కాళ్లు చాపి పడుకుంది. చచ్చిపోయిందని ప్రభావతి ఏడుపందుకుంది. హాయిగా ఉంటే అలా పడుకుంటాయని తన్మయి చెప్పాక కళ్లు తుడుచుకుని, "ఎంత పెద్దరికమొచ్చింది దీనికి," అని మురిసింది.

మృగశిర నాడు ఆకాశం మబ్బు పట్టింది. కింది అంతస్తు నుంచి మృగశిరకు తప్పని చేపల పులుసు వాసన వస్తోంది. పదకొండింటికి బాలకిషన్, నర్సింహమ్మ గారు వచ్చి కూర్చున్నారు. చుక్క హాల్లో తిరుగుతోంది. నర్సింహమ్మ గారు కాళ్లు సోఫా పైకి పెట్టుకున్నారు.

"ఏం సార్, మల్ల ఎవరినన్న కరిచిందా?" అన్నాడు బాలకిషన్.

లేదు అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో తన్మయి నోటుబుక్కు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"చూసి సంతకం పెట్టు తాతా."

పేజీలు తిప్పాను. మే పంతొమ్మిది దగ్గర నా చెయ్యి ఆగింది.

పొద్దున 7:10. గూడు. తాత కుడిచేతి చూపుడువేలు. రెండు పళ్ల గాట్లు, కట్టు మార్చేటప్పుడు చూసిన. కారణం: తాత తప్పు. చుక్క లోపల ఉండంగ ముందునుంచి చెయ్యి పెట్టిండు. ఒకటో నియమం.

తలెత్తి చూశాను. తన్మయి గౌను అంచు గుప్పిట్లో నలుపుతోంది. ఈ ఒక్క వరుస రాస్తే చుక్క షెడ్డుకు వెళ్లిపోతుందని ఆ పిల్లకు తెలుసు. నేను అబద్ధం చెప్పానని తెలుసు. నేను చెప్పిన అబద్ధమే రాసుకుంటే ఎవరూ అడిగేవారు కాదు. అయినా నిజమే రాసి, మూడు వారాలు ఆ నోటుబుక్కును తలకింద పెట్టుకుని పడుకుంది. నా సర్వీసులో నాకు నలుగురి ముందు శాలువాలు కప్పారు, దండలు వేశారు. ఆ వరుస చదివినప్పుడు కలిగిన గర్వం వాటిలో ఏ ఒక్కదానికీ కలగలేదు.

"కరిచింది," అన్నాను. "నన్నే కరిచింది. బీరకాయ అని అబద్ధం చెప్పిన."

బాలకిషన్ ఇబ్బందిగా కదిలాడు. "మరి మీ మాట సార్..."

"కారణం గడి చదువు బాలకిషన్. ముప్పై నాలుగేండ్లల్ల మాట తప్పలే. ఇయ్యాల తప్పుతున్న. తప్పు నాదయినప్పుడు శిక్ష దానికెట్లేస్త?"

అతను చదివాడు. నర్సింహమ్మ గారు కాళ్లు కిందికి దించి, "నాది రాసినవా బిడ్డా?" అని అడిగారు.

తన్మయి మొదటి పేజీ తీసి చూపించింది. కళ్లజోడు సవరించుకుని ఆవిడ గట్టిగా చదివారు: "నర్సింహమ్మ అమ్మమ్మ వేలు. కారణం: మా ఇంటివాళ్ల తప్పు. దండం పెడుతున్నదని చెప్పినం. కరుస్తదని చెప్పలే."

ఆవిడ నోటుబుక్కు నా చేతికి తిరిగిచ్చారు.

"ఇంత సక్కగ రాసిన పిల్ల ఉన్న ఇంట్ల కుందేలుకేం భయం," అన్నారు నర్సింహమ్మ గారు. "ఉండనియ్యి బాలకిషన్. లెవ్వు, పోదాం."

నేను ఎర్రసిరా పెన్ను తీశాను. రిటైరయ్యాక దాన్ని వాడటం అదే మొదలు. మే పంతొమ్మిది పక్కన రాశాను: డ్రైవర్ తప్పు లేదు. డ్యూటీలో కొనసాగవచ్చు. కింద సంతకం పెట్టి తేదీ వేశాను. తన్మయి అది చదువుకుంది. వాళ్లింకా గుమ్మం దాటలేదు. బయటివాళ్ల ముందు ఏడవకూడదన్న మా ఇంటి పద్ధతి ఆ పూట చెల్లలేదు. నాకూ చెల్లలేదు.

చినుకులు మొదలయ్యాయి. చుక్క హాలంతా ఒక చుట్టు తిరిగి నా కుర్చీ దగ్గరికి వచ్చింది. తల వంచి, నా పాదం మీద గడ్డం ఆనించి రుద్దింది. ఒకసారి కాదు, మూడుసార్లు.

"చూడండి," అంది ప్రభావతి వంటింటి గుమ్మంలోంచి, "మీకు దండం పెడుతున్నది."

చీపురు పట్టుకుని నిలబడ్డ మాసమ్మ నా వైపు చూసి నవ్వింది. "చెప్పుండ్రి సారూ. ఏందది?"

"ఇది నాది అంటున్నది మాసమ్మా," అన్నాను, కాలు కదపకుండా.